భాగం 7: జీవాణువులు మూసలుగా అకర్బన పదార్థాల తయారీ

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 ఉపోద్ఘాతం
7.2 మూస చేసే మూడు పనులు
7.3 ప్రకృతిలో మూసలు: గుడ్డు పెంకు, ఎముక
7.4 ప్రయోగశాలలో మూసలు: ఫెరిటిన్, పొగాకు మొజాయిక్ వైరస్, డీఎన్ఏ
7.5 కొండగోగు బంక, వెండి నానోకణాలు
7.6 దేన్ని మూస అనవచ్చు?
7.7 ఉపయోగాలు, పరిమితులు
7.8 సారాంశం
7.9 మీ ప్రగతిని సరిచూసుకోండి: జవాబులు
7.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

• అకర్బన పదార్థం ఏర్పడేటప్పుడు జీవాణువు మూసగా ఎలా పనిచేస్తుందో వివరించగలుగుతారు.
• గుడ్డు పెంకు, ఎముక ఏర్పడే విధానాన్ని మూస భావనతో పోల్చి చెప్పగలుగుతారు.
• ఫెరిటిన్, పొగాకు మొజాయిక్ వైరస్, డీఎన్ఏల సహాయంతో చేసిన పదార్థాలకు ఉదాహరణలు ఇవ్వగలుగుతారు.
• కొండగోగు బంకతో వెండి నానోకణాలు తయారయ్యే విధానాన్ని వివరించగలుగుతారు.
• మూస, క్షయకరణి, స్థిరీకరణి అనే మూడు మాటల మధ్య తేడాను గుర్తించగలుగుతారు.

7.1 ఉపోద్ఘాతం

విస్సన్నపేటలోనో తిరువూరులోనో ఏదైనా కిరాణా కొట్టులో దారంతో వచ్చే పటికబెల్లం అడిగి తీసుకోండి. ఒక ముక్క విరిచి చూస్తే మధ్యలో నూలు దారం కనిపిస్తుంది. అది పొరపాటున పడినది కాదు. చిక్కటి పంచదార పాకంలో దారాలు వేలాడదీసి కదపకుండా ఉంచితే, పాకం చల్లారే కొద్దీ పంచదార స్ఫటికాలు ఆ దారాన్ని పట్టుకొని పెరుగుతాయి. దారం లేకపోయినా స్ఫటికాలు వస్తాయి. కాని అవి గిన్నె అడుగునో అంచునో, ఎక్కడ వీలైతే అక్కడ ఏర్పడతాయి. దారం ఉన్నప్పుడు అవి ఎక్కడ మొదలవ్వాలో మనం నిర్ణయించవచ్చు.

ఈ భాగంలో మనం చర్చించే విషయానికి పటికబెల్లం మంచి ప్రారంభం. అయితే ఒక తేడా ఉంది. దారానికి పంచదారతో ప్రత్యేకమైన రసాయన సంబంధం ఏమీ లేదు. అది నిలబడటానికి చోటు ఇస్తుంది, అంతే. స్ఫటికం ఎంత పెద్దది కావాలో, ఏ ఆకారంలో ఉండాలో దారం చెప్పలేదు. ప్రోటీన్లు, కేంద్రకామ్లాలు, పాలిసాకరైడ్లు అలా కాదు. వాటిపై ఏ సమూహం ఎక్కడ ఉంటుందో, ఏ ఆవేశం ఎక్కడ ఉంటుందో ముందే నిర్ణయమై ఉంటుంది. అందువల్ల అవి అయాన్లను ఎంచుకొని పట్టుకోగలవు, వరసలో నిలబెట్టగలవు, పెరుగుదలను ఒక చోట ఆపగలవు. ఇలా ఒక జీవాణువు తన నిర్మాణాన్ని అనుసరించి అకర్బన పదార్థం ఏర్పడేలా చేసినప్పుడు ఆ జీవాణువును మూస అంటాం.

మామూలు పద్ధతుల్లో అతి చిన్న లోహ కణాలనో ఖనిజాలనో ఒకే పరిమాణంలో చేయాలంటే తరచుగా అధిక ఉష్ణోగ్రతలు, బలమైన రసాయనాలు, కర్బన ద్రావణులు కావాలి. కోడి మాత్రం తన శరీర ఉష్ణోగ్రత వద్ద, నీటిలోనే, ఒక్క రోజులోపు గుడ్డుకు గట్టి పెంకు తయారుచేస్తుంది. ఈ పనిని ప్రయోగశాలలో అనుకరించవచ్చా అన్నదే ఈ శాస్త్ర విభాగానికి మూల ప్రశ్న.

7.2 మూస చేసే మూడు పనులు

ఒక ద్రావణంలో అయాన్లు ఉండగలిగిన దానికన్నా ఎక్కువగా ఉన్నప్పుడు దాన్ని అతిసంతృప్త ద్రావణం అంటారని మీకు తెలుసు. అలాంటి ద్రావణం నుంచి కూడా ఘనపదార్థం వెంటనే విడిపోదు. ముందుగా కొన్ని అయాన్లు కలిసి ఒక చిన్న గుంపుగా ఏర్పడాలి. దీన్ని కేంద్రకీకరణం అంటారు. ఆ గుంపు చాలా చిన్నది కాబట్టి దాని అయాన్లలో ఎక్కువ భాగం ఉపరితలం మీదే ఉంటాయి. ఉపరితలం ఏర్పడటానికి శక్తి ఖర్చవుతుంది. అందువల్ల గుంపు ఒక నిర్దిష్ట పరిమాణాన్ని దాటేవరకు అది పెరగడం కన్నా తిరిగి కరిగిపోవడమే సులభం. ఈ శక్తి అడ్డంకిని తగ్గించే ఉపరితలం ఎక్కడ దొరికితే అక్కడ ఘనపదార్థం ఏర్పడటం మొదలవుతుంది.

ఈ నేపథ్యంలో మూస చేసే పనులను మూడుగా విభజించవచ్చు.

(అ) చోటు చూపడం: జీవాణువుపై ఉన్న కార్బాక్సిలేట్, ఫాస్ఫేట్ వంటి రుణావేశ సమూహాలు కాల్షియం, ఇనుము, వెండి వంటి ధనావేశ అయాన్లను ఆకర్షిస్తాయి. అక్కడ అయాన్ల గాఢత పెరిగి, కేంద్రకీకరణానికి కావలసిన శక్తి తగ్గుతుంది.

(ఆ) రూపం ఇవ్వడం: ఆ సమూహాల మధ్య దూరాలు, అవి ఏర్పరచే గొట్టం, గోళం, దారం వంటి ఆకృతులు ఘనపదార్థపు రూపాన్ని, కొన్ని సందర్భాలలో స్ఫటికం తిరిగి ఉండే దిశను కూడా నిర్ణయిస్తాయి.

(ఇ) హద్దు గీయడం: జీవాణువు కణాన్ని చుట్టుకొని గాని, తన లోపలే బంధించి గాని పెరుగుదలను ఆపుతుంది. కణాలు ఒకదానికొకటి అతుక్కోకుండా కాపాడుతుంది.

ప్రతి జీవాణువూ ఈ మూడు పనులను సమానంగా చేయదు. ఒకటి చోటు చూపడంలో గట్టిది కావచ్చు, మరొకటి హద్దు గీయడంలో గట్టిది కావచ్చు. ముందు వచ్చే ఉదాహరణలన్నింటిలో ఈ మూడు పనులనే వెతుకుతూ చదవండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి 1
పటికబెల్లం తయారీలో దారం పై మూడు పనులలో ఏది చేస్తుంది? ఏవి చేయదు?

7.3 ప్రకృతిలో మూసలు: గుడ్డు పెంకు, ఎముక

7.3.1 గుడ్డు పెంకు

కోడిగుడ్డు పెంకులో సుమారు 95 శాతం కాల్షియం కార్బొనేట్. అది కాల్సైట్ అనే స్ఫటిక రూపంలో ఉంటుంది. సున్నపురాయిలో ఉండేదీ ఇదే ఖనిజం. అయితే సున్నపురాయి ముద్దగా ఉంటే, గుడ్డు పెంకు మిల్లీమీటరులో మూడో వంతు మందంతో, గాలి ఆడే సన్నటి రంధ్రాలతో, చక్కటి వంపుతో ఉంటుంది. ఈ తేడాకు కారణం పెంకు లోపల ఉండే పలుచటి పొర.

అండవాహికలో పచ్చసొన చుట్టూ తెల్లసొన చేరిన తరువాత, ప్రోటీన్ దారాలతో అల్లిన రెండు పొరలు దాని చుట్టూ ఏర్పడతాయి. బయటి పొర మీద ప్రోటీన్లతో కూడిన సూక్ష్మమైన బొడిపెలు ఉంటాయి. కాల్షియం కార్బొనేట్ మొదట ఈ బొడిపెల మీదే నిలుస్తుంది. అక్కడి నుంచి స్ఫటికాలు బయటివైపు స్తంభాల్లా పెరుగుతూ పక్కవాటితో కలుస్తాయి. లోపలివైపు పెరగవు. పెంకు పూర్తి కావడానికి ఇంచుమించు 20 గంటలు పడుతుంది. చోటు చూపినవి బొడిపెలు. వంపు ఇచ్చింది పొర. ద్రవంలో కరిగి ఉన్న మరికొన్ని ప్రోటీన్లు స్ఫటికాల పరిమాణాన్ని, దిశను ప్రభావితం చేస్తాయి.

కృత్యం
ఒక గాజు గ్లాసులో పచ్చి కోడిగుడ్డును ఉంచి, అది మునిగేలా వెనిగర్ పోయండి. వెంటనే పెంకు మీద బుడగలు కనిపిస్తాయి. ఎసిటిక్ ఆమ్లం కాల్షియం కార్బొనేట్‌తో చర్య జరపగా వెలువడే కార్బన్ డై ఆక్సైడ్ అది. మరుసటి రోజు వెనిగర్ మార్చి మళ్ళీ ఒక రోజు ఉంచండి. తరువాత గుడ్డును నీటితో మెల్లగా కడగండి. పెంకు పోయి, గుడ్డు ఆకారంలోనే మెత్తటి పొర మిగులుతుంది. మీ చేతిలో ఉన్నది పెంకును నిలబెట్టిన మూస. ఖనిజం పోయినా మూస మిగిలింది. దీన్ని తినకూడదు. పట్టుకున్న తరువాత చేతులు సబ్బుతో కడుక్కోండి.

7.3.2 ఎముక

ఎముకలో మూస పని చేసేది కొల్లాజెన్ అనే ప్రోటీన్. దాని అణువులు ఒకదాని పక్కన ఒకటి కొంచెం జరిగి పేర్చుకొని తంతువులవుతాయి. ఈ అమరిక ప్రతి 67 నానోమీటర్లకు ఒకసారి పునరావృతమవుతుంది. పేర్పులో మిగిలే ఖాళీలలో హైడ్రాక్సీఅపటైట్ అనే కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజం పలుచటి పలకలుగా ఏర్పడుతుంది. ప్రోటీన్ వల్ల సాగే గుణం, ఖనిజం వల్ల గట్టిదనం రెండూ ఎముకకు వస్తాయి.

మూస ఎంత మంచిదైనా ద్రావణంలో ఏ అయాన్లు ఉన్నాయన్నది కూడా ముఖ్యమే. దీనికి తెలుగు నేలపైనే బాధాకరమైన ఉదాహరణ ఉంది. తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంటే అది హైడ్రాక్సీఅపటైట్‌లోని హైడ్రాక్సిల్ అయాన్ల స్థానంలో చేరుతుంది. ఎముకలు పెరిగే తీరు మారుతుంది, కీళ్ళు బిగుసుకుపోతాయి. అప్పటి నెల్లూరు జిల్లాలోని పల్లెలలో ఈ వ్యాధిని షార్ట్, పండిట్, రాఘవాచారి 1937లో వైద్యపత్రికలో వివరించారు. తరువాతి కాలంలో నల్లగొండ జిల్లా పేరు ఈ సమస్యతో దేశమంతటా తెలిసింది. పటిక, సున్నంతో నీటి నుంచి ఫ్లోరైడ్ తొలగించే విధానానికి నల్లగొండ పద్ధతి అనే పేరే స్థిరపడింది. పదార్థాన్ని తయారుచేసేది మూస, అయాన్ల ద్రావణం కలిసి. రెండింటిలో ఏది మారినా ఫలితం మారుతుంది.

7.4 ప్రయోగశాలలో మూసలు

7.4.1 ఫెరిటిన్: లోపల అచ్చు

మన శరీరంలో ఇనుమును నిలువ చేసే ప్రోటీన్ ఫెరిటిన్. 24 ఉపభాగాలు కలిసి బోలు గోళంగా ఏర్పడతాయి. బయటి వ్యాసం సుమారు 12 నానోమీటర్లు, లోపలి కుహరం సుమారు 8 నానోమీటర్లు. ఆ కుహరంలో దాదాపు 4,500 ఇనుము పరమాణువులు ఆక్సైడ్ ఖనిజంగా ఇమడగలవు. గోడలోని సన్నటి మార్గాల ద్వారా అయాన్లు లోపలికి వెళతాయి.

స్టీఫెన్ మాన్, ఆయన సహచరులు 1991లో ఈ గోళాన్ని ఇతర పదార్థాలకు వాడి చూశారు. ఫెరిటిన్‌లో ఐరన్ సల్ఫైడ్, మాంగనీస్ ఆక్సైడ్ వంటి పదార్థాలు ఏర్పడేలా చేశారు. ఎంత సేపు చర్య జరిపినా కణం కుహరం కంటే పెద్దది కాలేదు. గిన్నె సైజును బట్టే ఇడ్లీ సైజు ఉన్నట్లు, ఇక్కడ కుహరమే కణానికి కొలత. హద్దు గీసే పనికి ఇది స్పష్టమైన ఉదాహరణ.

7.4.2 పొగాకు మొజాయిక్ వైరస్: బయట అచ్చు

మన రాష్ట్రంలో పొగాకు ముఖ్యమైన వాణిజ్య పంట. ఆ పంటపై పరిశోధనకు 1947లో రాజమహేంద్రవరంలో కేంద్రీయ పొగాకు పరిశోధన సంస్థ ఏర్పడింది. ఆకు మీద లేత, ముదురు ఆకుపచ్చ మచ్చలు కలగలిసి కనిపించే మొజాయిక్ తెగులు పొగాకు రైతులకు నష్టం తెచ్చేది. దానికి కారణమైన వైరస్ మాత్రం పదార్థ శాస్త్రజ్ఞులకు పనికివచ్చింది.

ఈ వైరస్ 300 నానోమీటర్ల పొడవు, 18 నానోమీటర్ల వ్యాసం గల కడ్డీ. ఒకే రకమైన 2,130 ప్రోటీన్ అణువులు ఆర్ఎన్ఏ చుట్టూ మెలికగా పేర్చుకొని దీన్ని నిర్మిస్తాయి. మధ్యలో 4 నానోమీటర్ల సందు ఉంటుంది. ప్రతి వైరస్ కణమూ ఒకే కొలతతో ఉండటం, ఉపరితలమంతటా ఒకే సమూహాలు క్రమంగా తిరిగి తిరిగి రావడం దీని ప్రత్యేకత. 1999లో మాన్ బృందం, డగ్లస్, యంగ్ తదితరులు కలిసి ఈ కడ్డీ మీద కాడ్మియం సల్ఫైడ్, లెడ్ సల్ఫైడ్, సిలికా, ఐరన్ ఆక్సైడ్ పూతలు ఏర్పరచారు. ఫలితంగా వైరస్ ఆకారం గల అకర్బన గొట్టాలు వచ్చాయి.

7.4.3 డీఎన్ఏ: దారి చూపే దారం

డీఎన్ఏ వెన్నెముక పొడవునా రుణావేశం గల ఫాస్ఫేట్ సమూహాలు ఉంటాయి. 1998లో ఎరెజ్ బ్రౌన్, ఉరి సివాన్ తదితరులు ఇజ్రాయెల్‌లో ఒక ప్రయోగం చేశారు. 12 మైక్రోమీటర్ల దూరంలో ఉన్న రెండు బంగారు ఎలక్ట్రోడ్ల మధ్య ఒక డీఎన్ఏ అణువును వంతెనలా కట్టారు. ఆ డీఎన్ఏ వెంట వెండి అయాన్లు చేరేలా చేసి, వాటిని క్షయకరణం చెందించారు. వెండి గింజలు ఒకదాని పక్కన ఒకటి చేరి సుమారు 100 నానోమీటర్ల వెడల్పు గల తీగ ఏర్పడింది. దాని గుండా విద్యుత్ ప్రవహించింది. డీఎన్ఏ ఒక్కటే ఉన్నప్పుడు అలా ప్రవహించలేదు. ఇక్కడ డీఎన్ఏ చోటు చూపింది, దారి చూపింది. కాని మందాన్ని నియంత్రించలేదు. డీఎన్ఏ మందం 2 నానోమీటర్లే, తీగ మందం దానికి ఎన్నో రెట్లు.

సాధించిన ఉదాహరణ 1
లామ్డా అనే వైరస్ డీఎన్ఏలో 48,502 క్షార జతలు ఉన్నాయి. జతల మధ్య దూరం 0.34 నానోమీటర్లు. ఈ డీఎన్ఏ 12 మైక్రోమీటర్ల సందును దాటగలదా?
సాధన: పొడవు = 48,502 × 0.34 = 16,491 నానోమీటర్లు = సుమారు 16.5 మైక్రోమీటర్లు. ఇది 12 కన్నా ఎక్కువ. కాబట్టి దాటగలదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి 2
ఫెరిటిన్, పొగాకు మొజాయిక్ వైరస్, డీఎన్ఏలలో కణ పరిమాణానికి కచ్చితమైన హద్దు విధించేది ఏది? ఎందుకు?

7.5 కొండగోగు బంక, వెండి నానోకణాలు

ఇంతవరకు చూసిన మూసలు చేయడానికి శుద్ధి చేసిన ప్రోటీన్లు, డీఎన్ఏ కావాలి. అవి ఖరీదైనవి. చెట్టు నుంచి వచ్చే బంక అలా కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కొండల మీద రాతినేలలో పెరిగే కొండగోగు చెట్టును మీలో కొందరు చూసే ఉంటారు. వేసవి ముందు ఆకులు రాలిన కొమ్మలకు పెద్ద పసుపుపచ్చ పూలు పూస్తాయి. కాయలో గింజల చుట్టూ దూది ఉంటుంది. అందుకే దాని శాస్త్రీయ నామమైన కాక్లోస్పెర్మమ్ గాసిపియమ్‌లో పత్తి ప్రజాతి పేరు కనిపిస్తుంది. మాను మీద గాటు పెడితే బంక కారి గట్టిపడుతుంది. అడవి బంకల సేకరణ గిరిజన కుటుంబాలకు ఒక జీవనాధారం. తపసి బంక వంటివాటిని 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ వారి నుంచి కొంటుంది.

శాస్త్ర పత్రికలలో ఈ బంకకు తెలుగు పేరే నిలిచింది. ఆంగ్ల వ్యాసాలలో కూడా దాన్ని కొండగోగు బంక అనే వ్యవహరిస్తారు. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జానకి, శశిధర్ 1998లో దీని భౌతిక, రసాయన ధర్మాలను ప్రచురించి, ఆహార పదార్థాలలో వాడదగినదిగా సూచించారు. ఇది ఆమ్ల స్వభావం గల పాలిసాకరైడ్. రామ్నోజ్, గాలక్టోజ్ వంటి చక్కెరలతో పాటు గాలక్టురోనిక్, గ్లూకురోనిక్ ఆమ్లాలు ఇందులో ఉంటాయి. అంటే గొలుసు పొడవునా హైడ్రాక్సిల్, కార్బాక్సిల్ సమూహాలు ఉంటాయి.

2010లో అరుణ జ్యోతి కోరా, ఆర్. బి. శశిధర్, జె. అరుణాచలం ఈ బంకతో వెండి నానోకణాలు తయారుచేసిన విధానాన్ని ప్రచురించారు. ఆ పని హైదరాబాదులో జరిగింది. దాన్ని దశలుగా ఇలా చెప్పుకోవచ్చు.

1. బంకను శుభ్రపరచి, పొడి చేసి, నీటిలో కలిపి, కరిగే భాగాన్ని తీసుకొంటారు.
2. ఆ ద్రావణంలో సిల్వర్ నైట్రేట్ కలుపుతారు. వెండి అయాన్లు కార్బాక్సిలేట్ సమూహాల దగ్గరకు చేరతాయి.
3. మిశ్రమాన్ని ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల సెల్సియస్ వద్ద పీడనంతో వేడిచేస్తారు. ఇది ఆసుపత్రులలో పరికరాలను క్రిమిరహితం చేసే పాత్ర, మన ప్రెషర్ కుక్కర్ సూత్రంతోనే పనిచేస్తుంది.
4. బంకలోని సమూహాలు ఎలక్ట్రాన్లను ఇచ్చి తాము ఆక్సీకరణం చెందుతాయి. వెండి అయాన్లు ఎలక్ట్రాన్లను గ్రహించి వెండి పరమాణువులవుతాయి.
5. పరమాణువులు గుంపులై నానోకణాలవుతాయి. బంక గొలుసులు వాటిని చుట్టుకొని అతుక్కుపోకుండా కాపాడతాయి.

రంగులేని ద్రావణం పసుపు రంగుకు మారడమే కణాలు ఏర్పడ్డాయనడానికి మొదటి గుర్తు. వెండి నానోకణాలలోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు 400 నానోమీటర్లకు కొంచెం పైనున్న తరంగదైర్ఘ్యం గల ఊదా కాంతిని బలంగా శోషిస్తాయి. దీన్ని ఉపరితల ప్లాస్మాన్ అనునాదం అంటారు. మిగిలిన కాంతి మన కంటికి పసుపుగా కనిపిస్తుంది. బంక గాఢత, సిల్వర్ నైట్రేట్ గాఢత, వేడిచేసే సమయం మార్చి చూసి, ఈ పరిశోధకులు సుమారు 3 నానోమీటర్ల గోళాకార కణాలను పొందారు. వీటికి విడిగా మరో క్షయకరణి గాని, కర్బన ద్రావణి గాని అవసరం కాలేదు.

సాధించిన ఉదాహరణ 2
3 నానోమీటర్ల వ్యాసం గల వెండి గోళంలో ఎన్ని పరమాణువులు ఉంటాయి? ఒక ఘన నానోమీటరు వెండిలో 58.6 పరమాణువులు ఉంటాయి.
సాధన: వ్యాసార్ధం 1.5 నానోమీటర్లు. ఘనపరిమాణం = 4/3 × 3.14 × 1.5 × 1.5 × 1.5 = 14.1 ఘన నానోమీటర్లు. పరమాణువుల సంఖ్య = 14.1 × 58.6 = సుమారు 830.
చిటికెడు వెండి పొడిలోని కణంతో పోలిస్తే ఇది లెక్కలోకి రాని సంఖ్య. ఇంత చిన్న కణం పక్క కణంతో కలవకుండా నెలల తరబడి నిలవాలంటే దాన్ని కాపాడేది ఒకటి తప్పక ఉండాలి. ఇక్కడ ఆ పని బంక చేస్తుంది.

7.6 దేన్ని మూస అనవచ్చు?

ఈ పాఠంలో మీరు ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన విషయం ఇక్కడ ఉంది. 2010 నాటి వ్యాసం శీర్షికలోనే కొండగోగు బంకను మూసగా పేర్కొన్నారు. అదే వ్యాసం బంక క్షయకరణిగా, స్థిరీకరణిగా రెండు పాత్రలు పోషిస్తుందని వివరిస్తుంది. ఈ మూడు మాటలూ ఒకటి కావు.

క్షయకరణి: ఎలక్ట్రాన్లు ఇచ్చి అయాన్‌ను లోహంగా మార్చేది. దాని ఆకారంతో పని లేదు.
స్థిరీకరణి: ఏర్పడిన కణాన్ని చుట్టి కాపాడేది. కణం పుట్టిన తరువాత వచ్చినా ఈ పని చేయగలదు.
మూస: తన నిర్మాణాన్ని ఏర్పడే పదార్థానికి బదిలీ చేసేది.

ఇటీవలి కాలంలో ఆకుల కషాయాలు, పండ్ల తొక్కలు, బంకలతో చేసిన నానోకణాల గురించి ఎన్నో వ్యాసాలు వస్తున్నాయి. వాటిలో మూస అనే మాటను వదులుగా వాడటం మీరు గమనిస్తారు. ఒక ప్రయోగాన్ని చదివేటప్పుడు ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి: జీవాణువు లేకుండా అదే చర్య జరిపితే ఏమవుతుంది? తేడా రాకపోతే దాని పాత్ర శూన్యం.

రెండు: జీవాణువు నిర్మాణాన్ని మారిస్తే, ఉదాహరణకు ప్రోటీన్‌ను వేడిచేసి మడతలు విప్పితే, లేదా దాని ఆవేశ సమూహాలను కప్పేస్తే, పదార్థపు రూపం మారుతుందా? మారితేనే నిర్మాణానికి పాత్ర ఉన్నట్లు.

మూడు: ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు అకర్బన పదార్థం జీవాణువు ఉన్న చోటనే, దాని ఆకారంలోనే కనిపిస్తుందా?

ఫెరిటిన్, పొగాకు మొజాయిక్ వైరస్ ఈ ప్రశ్నలకు బాగా నిలుస్తాయి. కణం కుహరమంత ఉంది, గొట్టం వైరస్ అంత ఉంది. డీఎన్ఏ దారి విషయంలో నిలుస్తుంది, మందం విషయంలో నిలవదు. కొండగోగు బంక సంగతి వేరు. దాని గొలుసులకు ఫెరిటిన్ లాంటి ఒకే స్థిరమైన ఆకారం లేదు. అవి నీటిలో అల్లుకొని వలలా ఉంటాయి. వల కళ్ళలో కణాలు ఏర్పడి అక్కడే నిలిచాయి కాబట్టి చోటు చూపే పని, హద్దు గీసే పని కొంతవరకు చేశాయి. గోళాకారం మాత్రం బంక ఇచ్చిన రూపం అనలేం. చిన్న లోహ కణాలు ఉపరితలం తగ్గించుకొనేందుకు సహజంగానే గోళంవైపు మొగ్గుతాయి. కనుక కొండగోగు బంకను మొదట క్షయకరణిగా, స్థిరీకరణిగా గుర్తించి, వదులైన అర్థంలోనే మూస అనడం సరి. ఇలా అనడం వల్ల ఆ పరిశోధన విలువ తగ్గదు. అది ఏం సాధించిందో కచ్చితంగా చెప్పినట్లవుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి 3
ఒక విద్యార్థి మామిడి ఆకుల కషాయంలో సిల్వర్ నైట్రేట్ కలిపితే ద్రావణం రంగు మారింది. "మామిడి ఆకు మూసగా పనిచేసింది" అని అతడు రాశాడు. ఆ నిర్ణయానికి ఆధారం చాలునా?

7.7 ఉపయోగాలు, పరిమితులు

(అ) నీటి పరీక్ష: లోరి రస్తోగి, శశిధర్, కరుణాసాగర్, అరుణాచలం 2014లో కొండగోగు బంకతో స్థిరపరచిన వెండి నానోకణాలతో నీటిలోని పాదరస అయాన్లను గుర్తించే విధానాన్ని ప్రచురించారు. పాదరసం ఉన్నప్పుడు ద్రావణపు పసుపు రంగు తగ్గుతుంది. కంటితో చూడగలిగే పరీక్ష కావడం దీని సౌలభ్యం. విస్సన్నపేట పక్కనున్న ఎ.కొండూరు మండలం తండాలలో మూత్రపిండాల వ్యాధి ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. ఆ చర్చలో తాగునీటి నాణ్యత పదేపదే ముందుకు వస్తుంది. ఇలాంటి ప్రాంతాలలో నీటిని చౌకగా, ఊళ్ళోనే పరీక్షించే విధానాల అవసరం ఎంతో ఉంది. అయితే ఒక పరీక్ష ఒక పదార్థాన్నే చూపుతుంది. పాదరసం పరీక్షలో రంగు తగ్గకపోతే నీటిలో పాదరసం ఆ పరీక్షకు అందే స్థాయిలో లేదని మాత్రమే అర్థం, నీరు మంచిదని కాదు.

(ఆ) సూక్ష్మజీవుల నియంత్రణ: వెండి నానోకణాలు అనేక రకాల బ్యాక్టీరియాలను చంపుతాయి. పుండ్ల కట్లు, నీటి వడపోతలలో వీటిని వాడటానికి ఇదే కారణం.

(ఇ) శక్తి నిలువ: 2006లో అమెరికాలో ఏంజెలా బెల్చర్ బృందం ఎం13 అనే వైరస్‌ను మూసగా చేసి కోబాల్ట్ ఆక్సైడ్ నానోతీగలను తయారుచేసి, లిథియం బ్యాటరీ ఎలక్ట్రోడ్‌గా వాడి చూపింది.

పరిమితులను కూడా గమనించాలి. మొదటిది, సహజ బంక ప్రతిసారీ ఒకేలా ఉండదు. చెట్టును బట్టి, కాలాన్ని బట్టి, నిలువను బట్టి మారుతుంది. మూస మారితే కణమూ మారుతుంది. కాబట్టి ప్రతి సరుకునూ పరీక్షించి వాడాలి. రెండోది, మూస ప్రకృతి నుంచి వచ్చినంత మాత్రాన పదార్థం హానిలేనిది కాదు. బ్యాక్టీరియాను చంపే వెండి, మురుగుతో చెరువులోకి చేరితే అక్కడి మేలుచేసే సూక్ష్మజీవులకూ హాని చేస్తుంది. కాడ్మియం, సీసం సమ్మేళనాలు వైరస్ మీద ఏర్పడినా విషమే. మూడోది, గాట్లు ఎక్కువగా పెడితే చెట్టు ఎండిపోతుంది. బంకకు గిరాకీ పెరిగితే చెట్టు, దానిపై ఆధారపడిన సేకరణదారు ఇద్దరూ నిలిచే పద్ధతిలో గాటు పెట్టడం అవసరం.

7.8 సారాంశం

జీవాణువు అయాన్లను ఆకర్షించి చోటు చూపగలదు, రూపం ఇవ్వగలదు, పెరుగుదలకు హద్దు గీయగలదు. గుడ్డు పెంకు, ఎముకలలో ప్రకృతి ఈ మార్గాన్నే అనుసరిస్తుంది. ఎముక విషయంలో ఫ్లోరైడ్ ప్రభావం, మూసతో పాటు ద్రావణం కూడా ముఖ్యమని తెలుపుతుంది. ఫెరిటిన్ కుహరం లోపల, పొగాకు మొజాయిక్ వైరస్ ఉపరితలం మీద, డీఎన్ఏ పొడవునా అకర్బన పదార్థాలను శాస్త్రజ్ఞులు నిర్మించారు. కొండగోగు బంక వెండి అయాన్లను క్షయకరణం చెందించి, ఏర్పడిన నానోకణాలను స్థిరపరుస్తుంది. మూస అనే మాటను వాడాలంటే జీవాణువు నిర్మాణం పదార్థానికి బదిలీ అయిందనే ఆధారం ఉండాలి.

7.9 మీ ప్రగతిని సరిచూసుకోండి: జవాబులు

1. దారం చోటు మాత్రమే చూపుతుంది. స్ఫటిక రూపాన్ని నిర్ణయించదు, పెరుగుదలకు హద్దు గీయదు.
2. ఫెరిటిన్. కణం మూసి ఉన్న కుహరంలో పెరుగుతుంది కాబట్టి సుమారు 8 నానోమీటర్లు దాటలేదు. వైరస్, డీఎన్ఏల మీద పూత బయటివైపు మందమవుతూ పోవచ్చు.
3. చాలదు. రంగు మార్పు నానోకణాలు ఏర్పడి ఉండవచ్చని మాత్రమే సూచిస్తుంది. కషాయం క్షయకరణిగా పనిచేసి ఉండవచ్చు. మూస అనాలంటే 7.6లోని మూడు ప్రశ్నలకు జవాబు కావాలి.

7.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మూస చేసే మూడు పనులను గుడ్డు పెంకు, ఫెరిటిన్ ఉదాహరణలతో వివరించండి.
2. కొండగోగు బంకతో వెండి నానోకణాల తయారీని దశలవారీగా వివరించి, బంక పాత్రను చర్చించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కేంద్రకీకరణానికి శక్తి అడ్డంకి ఎందుకు ఉంటుంది?
2. మూస, క్షయకరణి, స్థిరీకరణి మధ్య తేడాలు రాయండి.
3. వెండి నానోకణాల ద్రావణం పసుపు రంగులో ఎందుకు ఉంటుంది?
4. ప్రకృతి నుంచి తీసుకొన్న మూసతో చేసిన పదార్థం హానిలేనిదని చెప్పవచ్చా? కారణాలు ఇవ్వండి.